పథకం బీజింగ్‌ది, పని నగరాలది: చైనాలో మేధో వలస వెనక్కి మళ్లిన తీరు

విదేశాలకు వెళ్లిన నిపుణులను చైనా నగరాలు ఎలా వెనక్కి రప్పించాయి, ఇదంతా వేరే దేశంలో చేయొచ్చా అని మీరు అడిగారు. మొదటిదాంట్లోనే నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. విదేశాల్లో స్థిరపడిన శాస్త్రవేత్తలను, ఇంజినీర్లను వెనక్కి రప్పించడానికి చైనా దేశమంతటికీ ఒకే పథకం పెట్టినప్పుడు, జనం కొన్ని నగరాలకే ఎందుకు వచ్చారన్నది మొదటిది. కేంద్రం పథకాన్ని ఒక నగరం తనకు తగ్గట్టు ఎలా మలుచుకుంటుంది, అసలు దాని చేతిలో ఏముంటుంది అన్నది రెండోది. పారిశ్రామిక విధానాల మీద చాలాకాలంగా పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. కొంచెం పెద్ద సమాధానమే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పైన కేంద్రం విధానం రాస్తుంది, కింద నగరాలు దాన్ని అమలు చేస్తాయి అని మనం అనుకుంటాం. ఈ విషయంలో జరిగింది చాలావరకు అందుకు తలకిందులు. థౌజండ్ టాలెంట్స్ అని అందరూ పిలిచే కేంద్ర పథకం 2008 డిసెంబరులో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, 2006లో, జియాంగ్సు ప్రావిన్స్‌లోని వూషి నగరం '530 పథకం' పెట్టింది. అయిదేళ్లలో ముప్పై మంది విదేశీ అనుభవమున్న నిపుణులను తెచ్చి కంపెనీలు పెట్టించాలన్నది లక్ష్యం కాబట్టి ఆ పేరు. అప్పుడు జియాంగ్సు కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శిగా ఉన్న లీ యువాన్‌చావ్ 2007 అక్టోబరులో బీజింగ్‌కు వెళ్లి పార్టీ కేంద్ర సంస్థాగత విభాగానికి అధిపతి అయ్యారు. మరుసటి ఏడాది థౌజండ్ టాలెంట్స్‌ను నడపడం మొదలుపెట్టింది ఆ విభాగమే. అంటే ఒక ప్రావిన్స్‌లో పండిన ఆలోచన మనిషితో పాటు నేరుగా రాజధానికే ప్రయాణం చేసింది. కేంద్రం నుంచి అది మళ్లీ మిగతా నగరాలకు ఆదేశంగా దిగింది.

వూషికే ఆ ఆలోచన ఎందుకు వచ్చింది, అక్కడే ఎందుకు ఊపందుకుంది? ఒక లాభం, ఒక కష్టం, ఒక పాత అలవాటు. మూడూ చెప్పుకోదగ్గవే.

లాభం సన్‌టెక్ అనే సౌరఘటాల కంపెనీ. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో సౌరఘటాల మీద పీహెచ్‌డీ చేసిన షి జెంగ్‌రోంగ్ తిరిగొచ్చి 2001లో వూషిలో కంపెనీ పెట్టారు. స్థానిక ప్రభుత్వ సంస్థలు కలిసి సుమారు 60 లక్షల డాలర్ల పెట్టుబడి సమకూర్చాయి. 2005 డిసెంబరులో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. తమ వాటాలు అమ్ముకున్న ఆ ప్రభుత్వ సంస్థలకు పెట్టినదానికి ఎన్నో రెట్లు వచ్చింది. ఒక్క మనిషిని తెస్తే ఇంత అవుతుందా అని అధికారులకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కష్టం నీళ్లది. 2007 మే చివర్లో తైహు సరస్సు నిండా నాచు పేరుకుని వూషిలో సుమారు 20 లక్షల మందికి కుళాయి నీళ్లు కంపుకొట్టాయి. రసాయన కర్మాగారాలను మూయించక తప్పలేదు. మూసినవాటి బదులు ఏదో ఒకటి రావాలి కదా. అప్పటిదాకా ముచ్చటగా ఉన్న 530 పథకం ఆ తర్వాత అవసరమైంది. లక్ష్యం ముప్పై కంపెనీలైతే వచ్చినవి వందల్లో.

పాత అలవాటు గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ నా దృష్టిలో అదే అసలు విషయం. 1980లలో ఈ ప్రాంతమంతా గ్రామీణ, పట్టణ కర్మాగారాలు. వాటికి యంత్రాలున్నాయి గానీ ఇంజినీర్లు లేరు. వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని షాంఘైలో ప్రభుత్వ కర్మాగారాల నిండా ఇంజినీర్లున్నారు. అప్పట్లో వారానికి ఒక్కరోజే సెలవు. శనివారం సాయంత్రం డ్యూటీ దిగి ఇక్కడికొచ్చి, ఆదివారమంతా డ్రాయింగులు సరిచేసి, యంత్రాలు బాగుచేసి, రాత్రికి వెళ్లిపోయే వాళ్లను 'ఆదివారం ఇంజినీర్లు' అనేవారు. మనిషి మనవాడు కాకపోయినా ఫర్వాలేదు, పని మనదైతే చాలు అనే లెక్క అక్కడి అధికారులకు అలా ఒంటబట్టింది. పాతికేళ్ల తర్వాత షాంఘై స్థానంలో కాలిఫోర్నియా వచ్చింది, అంతే తేడా. చిన్న నగరాలు ఈనాటికీ ఏడాదికి రెండు మూడు నెలలు వచ్చిపోయే నిపుణులతో ఒప్పందాలు చేసుకోవడం వెనక ఉన్నదీ ఈ లెక్కే.

ఇక కేంద్రం ఇచ్చిందేమిటి? ఎంపికైన వ్యక్తికి ఒకసారి 10 లక్షల యువాన్లు, దాని మీద పన్ను లేదు. తర్వాత 40 ఏళ్లలోపు వారికి విడిగా ఒక విభాగం పెట్టి 5 లక్షల యువాన్లు, పైగా మూడేళ్లకు 10 నుంచి 30 లక్షల పరిశోధన నిధి. బాగానే ఉన్నాయి. అయితే అమెరికాలో ల్యాబూ ఇల్లూ ఉన్న ప్రొఫెసరు ఇంత డబ్బుకే కుటుంబాన్ని కదిలిస్తాడనుకోవడం అమాయకత్వం. కేంద్రం ఇచ్చిన అసలు వస్తువు డబ్బు కాదు, స్కోరు బోర్డు. ప్రతిభావంతుల వ్యవహారం పార్టీ చూసుకోవాలని 2003లోనే నిర్ణయమైంది. ఆ పని పడింది సంస్థాగత విభాగం మీద. అధికారుల ప్రమోషన్లు, బదిలీలు చూసేదీ ఆ విభాగమే. మీ ఊరికి ఎంతమంది నిపుణులొచ్చారో లెక్కపెట్టేవాడే మీకు ప్రమోషన్ ఇవ్వాలా వద్దా అని తేల్చేవాడు కూడా అయితే, ఏ నగర కార్యదర్శి ఊరుకుంటాడు? సైన్స్ మంత్రిత్వ శాఖ చేతిలోనో విద్యా శాఖ చేతిలోనో పెట్టి ఉంటే ఇది మరో సర్క్యులర్‌గా మిగిలిపోయేది.

ఇప్పుడు నగరం చేతిలో ఉన్నవి చూద్దాం. 1994 పన్నుల సంస్కరణ తర్వాత చైనాలో పన్ను ఆదాయంలో పెద్ద భాగం కేంద్రానికి పోయింది, ఖర్చులు మాత్రం కింద మిగిలాయి. నగరాలకు నగదు కొరత, భూమికి కొరత లేదు. పట్టణ భూమి మీద హక్కు ప్రభుత్వానిదే. అందుకే స్థానిక పథకాల్లో నగదు కన్నా చోటు ఎక్కువ కనిపిస్తుంది. వూషి ఇచ్చిన 'మూడు వందలు' అందరూ చెప్పుకునేవి: 100 వాన్ (వాన్ అంటే పది వేలు) యువాన్లు, అంటే 10 లక్షల ప్రారంభ పెట్టుబడి, 100 చదరపు మీటర్ల ఆఫీసు, 100 చదరపు మీటర్ల ఫ్లాటు. ఆఫీసుకీ ఇంటికీ కొన్నేళ్లపాటు అద్దె లేదు. ఖాళీగా పడున్న భవనం నగరానికి ఖర్చు కింద లెక్కే కాదు, వచ్చినవాడికి మాత్రం మొదటి మూడేళ్ల టెన్షన్ తీరిపోతుంది.

రెండోది కాగితాలు. ఇక్కడే స్థానిక తెలివి బాగా కనిపిస్తుంది. 1980 పౌరసత్వ చట్టం ప్రకారం చైనాలో రెండు పౌరసత్వాలు చెల్లవు. అమెరికన్ పాస్‌పోర్టు తీసుకున్నవాడు చట్టం దృష్టిలో విదేశీయుడు. అతని పిల్లలకు మామూలు స్కూల్లో సీటు సమస్య, సామాజిక బీమా సమస్య, ప్రతిసారీ వీసా సమస్య. ఆ చట్టాన్ని మార్చే అధికారం ఏ నగరానికీ లేదు. షాంఘై 2002లో తనే ఒక నివాస కార్డు పెట్టింది. ఆ కార్డు ఉన్న విదేశీ పాస్‌పోర్టుదారును స్కూలు, బీమా లాంటి విషయాల్లో ఊరివాడిగానే చూస్తారు. జాతీయ స్థాయిలో శాశ్వత నివాస వ్యవస్థ వచ్చింది 2004లో. చట్టం జోలికి పోకుండా, చట్టం కలిగించే ఇబ్బందిని మాత్రం తీసేశారన్నమాట. చైనా పాస్‌పోర్టే ఉన్నవాళ్లకు హుకౌ ముఖ్యం. హుకౌ అంటే ఊరి నివాస నమోదు. షాంఘై, బీజింగ్ లాంటి చోట్ల అది దొరకడం దేశంలోనే చదువుకున్నవాడికి గగనం, విదేశీ డిగ్రీతో వచ్చినవాడికి వేరే దారి ఉంది. డబ్బు ఖర్చు లేని బహుమతి, కానీ పిల్లల చదువంతా దాని మీదే ఆధారపడుతుంది.

పిల్లల చదువు అన్నాను కాబట్టి తైవాన్ గురించి ఒక మాట. సించు సైన్స్ పార్కు 1980లో మొదలైంది. 1983లో అక్కడే ఒక ప్రయోగాత్మక పాఠశాల పెట్టి, అమెరికా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల కోసం రెండు భాషల విభాగం నడిపారు. ఇంగ్లీషులో చదువుకుంటున్న పదేళ్ల పిల్లను ఒక్కసారిగా చైనీస్ మీడియంలో పడేస్తే ఆ కుటుంబం ఏడాదికల్లా విమానం ఎక్కుతుంది. శాస్త్రవేత్తకు ల్యాబ్ నచ్చిందా లేదా అన్నది తర్వాతి మాట. నన్నడిగితే, ఏ నగరం పథకాన్నైనా అంచనా వేసేటప్పుడు గ్రాంటు మొత్తం కన్నా ముందు స్కూలు సంగతి, భాగస్వామి ఉద్యోగం సంగతి చూస్తాను.

షెన్‌జెన్ కథ వేరు. అక్కడ అప్పట్లో పెద్ద యూనివర్సిటీలు లేవు, పరిశ్రమ మాత్రం దండిగా ఉంది. 2010లో 'పీకాక్ పథకం' ప్రకటించి, నిపుణులను మూడు తరగతులుగా విడదీసి మొదట 8 నుంచి 15 లక్షల యువాన్లు, 2016లో పెంచి 16 నుంచి 30 లక్షల దాకా ఇచ్చింది. ఒక్కడే వస్తే ఏం చేస్తాడని బృందాలకు బృందాలనే పిలిచి, ఒక్కో బృందానికి కోట్ల యువాన్లలో నిధులిచ్చింది. డబ్బు కన్నా నాకు నచ్చింది పన్ను విషయంలో వాళ్లు వాడుకున్న వెసులుబాటు. చైనాలో వ్యక్తిగత ఆదాయ పన్ను పై శ్లాబు 45 శాతం, పక్కనే ఉన్న హాంకాంగ్‌లో సుమారు 15. శ్లాబులు మార్చడం నగరం పని కాదు. 2019 నుంచి షెన్‌జెన్‌తో సహా గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లోని తొమ్మిది నగరాల్లో, అర్హులైన విదేశీ నిపుణులు 15 శాతానికి మించి కట్టిన పన్నును స్థానిక ఖజానా సబ్సిడీగా తిరిగిచ్చేలా ఏర్పాటయింది. పన్ను చట్టం అలాగే ఉంది, చేతికొచ్చే జీతం మారింది. దీనికి కేంద్రం అనుమతి ఉంది, ఖర్చు మాత్రం స్థానికం.

నా లెక్కలో అందరికన్నా బాగా చేసింది జియాంగ్సులోనే ఉన్న సుజౌ నగరపు ఇండస్ట్రియల్ పార్కు. వాళ్లు మనుషులను లెక్కపెట్టడంతో మొదలుపెట్టలేదు, ఒక పరిశ్రమను ఎంచుకున్నారు. 2007లో బయోబే పేరుతో ఔషధ జీవసాంకేతికానికి ప్రత్యేకంగా ఒక చోటు తెరిచారు. మందుల పరిశోధన చేసేవాడికి పదేళ్లదాకా ఆదాయం రాదు. అతనికి కావాల్సింది విలాసమైన ఫ్లాటు కాదు, సొంతంగా కొనలేని ఖరీదైన పరికరాలు పంచుకుని వాడుకునే ల్యాబు, శుభ్రతా ప్రమాణాలున్న గదులు, మందుల నియంత్రణ సంస్థ కాగితాలు తెలిసిన మనుషులు, పదేళ్లు ఆగగల పెట్టుబడి. అవి సమకూర్చాక, ఒకడు వస్తే అతని పాత సహోద్యోగి కూడా వస్తాడు, ఎందుకంటే ఈ కంపెనీ మునిగినా పక్క వీధిలో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. 2011లో అక్కడ మొదలైన ఇనోవెంట్ కంపెనీని స్థాపించింది అమెరికాలో పనిచేసి వచ్చిన శాస్త్రవేత్తే. ఒకే రంగంలో ఇలాంటి కంపెనీలు గుంపుగా ఉండటం వల్ల మనిషి నిలబడతాడు. వచ్చిపోవడానికీ, వచ్చి ఉండిపోవడానికీ తేడా ఇక్కడే ఉంది.

ఇప్పుడు పథకాలు ఎక్కడ చెడ్డాయో చెప్పాలి. స్కోరు బోర్డు పెట్టాక కాకి లెక్కలు రావడం సహజం. నగరాల పథకాలకు అంకెలే పేర్లయ్యాయి. వుహాన్‌లోని ఆప్టిక్స్ వ్యాలీ అనే హైటెక్ పార్కు 2009లో '3551' పెట్టింది: మూడేళ్లు, అయిదు రంగాలు, యాభై మంది అగ్రశ్రేణి వాళ్లు, వెయ్యి మంది ఉన్నత స్థాయి వాళ్లు. వూషిలో 530 పథకాన్ని మొదలుపెట్టిన పార్టీ కార్యదర్శి యాంగ్ వెయ్‌జె 2011లో నాన్‌జింగ్‌కు మారగానే '321' ప్రకటించారు. అయిదేళ్లలో 3,000 మంది పారిశ్రామికులు, 200 మంది శాస్త్ర వ్యాపారవేత్తలు, 100 మంది థౌజండ్ టాలెంట్స్ వాళ్లు. వూషిలో ముప్పై అన్న మనిషే అయిదేళ్లు తిరిగేసరికి మూడు వేలు అన్నారు. ప్రపంచంలో ఆ స్థాయి నిపుణులు ఈ అయిదేళ్లలో వందరెట్లు పెరగలేదు, పెరిగింది ప్రమోషన్ల పోటీ. ఆ అంకె చేరాలంటే 'అగ్రశ్రేణి' అన్న మాటకు అర్థం దిగజార్చక తప్పదు. వాపును చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే. 2013 మార్చిలో వూషి సన్‌టెక్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2015లో యాంగ్ అవినీతి విచారణలో పడ్డారు. పథకం నాయకుడి పేరుతో ముడిపడితే నాయకుడితోనే పోతుంది.

సగం కాలం సమస్య ఇంకోటి. ఏడాదికి కనీసం ఆరు నెలలు చైనాలో ఉండాలన్నది థౌజండ్ టాలెంట్స్ మొదటి నియమం. పెద్ద పేరున్న ప్రొఫెసర్లు విదేశాల్లోని ఉద్యోగం వదలడానికి ఇష్టపడకపోవడంతో, రెండు నెలలున్నా చాలనే తాత్కాలిక విభాగం తర్వాత పెట్టారు. హాంకాంగ్‌లో ఈ విషయం మీద చాలాకాలం పరిశోధన చేసిన డేవిడ్ జ్వైగ్, ఆయన సహచరుడు 2013లో రాసిన వ్యాసం సారాంశం కూడా అదే: అత్యుత్తమ స్థాయి వాళ్లను పూర్తికాలానికి రప్పించడం ఈ పథకం వల్ల కావడం లేదు. రెండు పడవల ప్రయాణానికి స్థానిక సంస్థలు కూడా సంతోషంగా సంతకం చేశాయి, జాబితాలో పేరు పడితే వాళ్లకు అంతే చాలు. దాని ఫలితం 2018 తర్వాత కనిపించింది. ఇలాంటి సంబంధాలు దాచినవాళ్ల మీద అమెరికా విచారణలు మొదలయ్యాక, 2021 డిసెంబరులో దోషిగా తేలిన హార్వర్డ్ రసాయన శాస్త్రవేత్త చార్లెస్ లీబర్ కేసులో బయటికొచ్చిన ఒప్పందం వుహాన్‌లోని ఒక యూనివర్సిటీతో చేసుకున్నది. నెలకు 50,000 డాలర్ల దాకా జీతమని అందులో ఉంది. ఒప్పందం రాసింది కింద, చెడ్డపేరు వచ్చింది జాతీయ పథకానికి. అప్పటి నుంచి ఆ పథకం పేరే చైనా పత్రికల్లో వినిపించడం మానేసింది.

ఫలితాలు లేవని మాత్రం అనను. 1978 నుంచి 2018 దాకా సుమారు 58.6 లక్షల మంది విదేశాలకు చదువుకి వెళ్లారు, చదువు ముగించినవారిలో 84 శాతానికి పైగా తిరిగొచ్చారని చైనా విద్యా శాఖ లెక్క. ఇందులో ఎక్కువమంది ఒకటి రెండేళ్ల మాస్టర్స్ చేసి వచ్చినవాళ్లు. వీళ్లను వెనక్కి లాగింది పథకాల కన్నా దేశంలో పెరిగిన ఉద్యోగాలు. అమెరికాలో సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీ చేసిన చైనీయుల్లో అత్యధికులు అయిదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉండేవారు. పథకాల బరువు తెలిసేది ఈ రెండో గుంపులోనే. 2023 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం యువ విభాగంలో ఎంపికైనవారిని పరిశీలించింది. పిలుపు అందిన వాళ్లలో మరీ పైస్థాయి వాళ్లు రాకుండా ఆగిపోయారు, వచ్చినవాళ్లు కూడా మంచి స్థాయివాళ్లే, వచ్చాక తమ ల్యాబుకు తామే నాయకులుగా రాసిన పత్రాల్లో విదేశాల్లో ఉండిపోయిన తోటివారిని దాటేశారు. అందుకు కారణం ఎక్కువ నిధులు, పెద్ద బృందాలు. అంటే నలభై ఏళ్లలోపు, సొంత ల్యాబు ఇంకా దొరకని మనిషి దగ్గర ఈ పథకం పనిచేసింది. నోబెల్ కోసం ఎదురుచూస్తున్న అరవై ఏళ్ల పెద్దమనిషి దగ్గర పనిచేయలేదు. నగరాలు బ్యానర్ల మీద వేసుకున్నది మాత్రం రెండో రకం ఫొటోలు.

ఒక ఊరు గెలిస్తే ఇంకో ఊరు ఓడటం కూడా ఉంది. విదేశాల నుంచి తేవడం కష్టమైనకొద్దీ నగరాలు ఒకదాని మనుషులను మరొకటి ఎగరేసుకుపోయాయి. విదేశం నుంచి తెచ్చినా, పక్క ఊరి నుంచి తెచ్చినా లెక్కలో పడే అంకె ఒకటే కదా. తీరప్రాంత యూనివర్సిటీలు పడమటి, ఈశాన్య ప్రాంతాల ప్రొఫెసర్లకు రెట్టింపు జీతాలు చూపించాయి. పడమటి ప్రాంతంలోని లాన్‌జౌ యూనివర్సిటీ పోగొట్టుకున్న అధ్యాపకులతో అలాంటిదే మరో యూనివర్సిటీ పెట్టొచ్చని చైనాలో వాడుకలో ఒక మాట ఉంది. చివరికి 2017 జనవరిలో విద్యా మంత్రిత్వ శాఖ, తూర్పు ప్రాంత యూనివర్సిటీలు మధ్య, పడమటి, ఈశాన్య ప్రాంతాల నుంచి మనుషులను లాగొద్దని ఉత్తర్వు ఇవ్వాల్సొచ్చింది. అదే ఏడాది వుహాన్ వేరే దారి పట్టింది. బయటివాళ్ల కోసం పాకులాడకుండా, తన దగ్గరే చదువుతున్న విద్యార్థుల్లో పది లక్షల మందిని అయిదేళ్లలో నిలుపుకుంటానని, వాళ్లకు మార్కెట్ ధరలో 80 శాతానికే ఇళ్లు ఇప్పిస్తానని చెప్పింది. పది లక్షలన్నదీ బ్యానర్ అంకెనే అనుకోండి, దిశ మాత్రం సరైనది. పోయినవాడిని తెచ్చే ఖర్చుతో పోలిస్తే ఉన్నవాడిని ఉంచే ఖర్చు చాలా తక్కువ.

ఇదంతా వేరే దేశంలో చేయొచ్చా అని మీరు చివర్లో అడిగారు. ఇటలీ ఉదాహరణ చూడండి. 2019లో మార్చిన చట్టం ప్రకారం విదేశాల నుంచి తిరిగొచ్చిన ఉద్యోగి ఆదాయంలో 70 శాతానికి పన్ను మినహాయింపు దొరికేది, దక్షిణ ప్రాంతాల్లో నివాసం పెడితే 90 శాతానికి. అక్కడ నగరాల చేతిలో వూషికి ఉన్నంత భూమి లేదు, నివాస నమోదు లాంటి పట్టు లేదు, మేయరు ప్రమోషన్ తేల్చే విభాగమూ లేదు. అందుకని ప్రాంతాల మధ్య తేడాను కేంద్రమే చట్టంలో రాయాల్సొచ్చింది. రాసింది తీసేయడం కూడా కేంద్రం చేతిలోనే ఉంది: 2024 నుంచి ఆ మినహాయింపును 50 శాతానికి తగ్గించి, దక్షిణానికి ఉన్న ప్రత్యేక వాటాను ఎత్తేశారు. ఇటలీ ద్వీపమైన సార్డీనియా ప్రాంతీయ ప్రభుత్వం మాత్రం ఎప్పుడో 2000ల మధ్యలోనే 'మాస్టర్ అండ్ బ్యాక్' పేరుతో తన సొంత దారి చూసుకుంది. యువతకు బయట చదువుకోవడానికి డబ్బిచ్చింది, తిరిగొచ్చాక స్థానిక సంస్థల్లో ఉద్యోగానికీ డబ్బిచ్చింది. మొదటి సగం సులువు, జనం బాగానే వెళ్లారు. రెండో సగానికి కావాల్సిన కంపెనీలు, ల్యాబులు ద్వీపంలో ఎన్ని ఉన్నాయన్న దగ్గరే చిక్కంతా వచ్చింది.